జానెడు మగ్గం

నారాయణపేట బజారులో నా మిత్రుని గడియారాల దుకాణం ఉండేది. దుకాణమనడం కంటే గోడలో తొలిచిన గూడు అనడమే సత్యానికి దగ్గర. లోపల ఒక మనిషి కూర్చుంటే రెండవ మనిషి వీధిలో నిలబడి మాట్లాడవలసిందే. ముందున్న అద్దాల పెట్టెలో మరమ్మతుకు వచ్చిన చేతి గడియారాలు, వాటి నడుమ జానెడు పొడవున్న ఒక ఎర్రబస్సు. ఎనభైయవ దశకం తొలి సంవత్సరాలలో, తెలుగు పండితునిగా అనేక ఊళ్లు తిరిగి, నేను పుట్టిన ఊరికే బదిలీ మీద వచ్చిన కొత్తలో, ఆగిపోయిన గడియారం చేతబట్టుకొని అక్కడికి వెళ్లాను. వెళ్లినవాణ్ణి గడియారం సంగతి మరచి ఆ బస్సునే చూస్తూ నిలబడ్డాను.

కిటికీలలో గాజువలె మెరిసేది సోడాతో కడిగి తెల్లజేసిన ఎక్స్‌రే ఫిల్ము. చక్రాలు మందుసీసాల రబ్బరు మూతలు. సర్వమూ ముచ్చటగానే ఉన్నది గాని, వెనుక గోడకున్న నిచ్చెన మాత్రం ఉండవలసిన పక్కన లేదు.

"నిచ్చెన గీ పక్కకు గాదు, ఆ పక్కకు ఉంటది గదా" అన్నాను.

అతడు కంటికి బిగించుకొన్న భూతద్దం తీసి నన్ను ఆపాదమస్తకం పరికించాడు.

"మూడేండ్ల సంది గీ బస్సు ఈడ్నే ఉన్నది. బస్సు తోలే డ్రైవరే చూసి మంచిగున్నదని పోయిండు. మీరెవరు సాబ్, ఇన్ని దినాలు యాడ దాక్కున్నరు?"

"బడిల తెలుగు చెప్తా."

"అరె, పంతులు సాబ్! కూసోండ్రి మరి" అన్నాడు. కూర్చోవడానికి జాగా లేదు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి స్ఫురించి నవ్వుకున్నాం. మరుసటి వారం వెళ్లేసరికి నిచ్చెన తన స్థానానికి మారి ఉన్నది. గడియారం మాత్రం ఇంకా బాగుపడలేదు.

అతడు తొంభైలు ముగియకముందే, మహబూబ్‌నగర్ దవాఖానలో, గుండెజబ్బుతో కాలం చేశాడు. ఇంచుమించు పదహారేళ్ల స్నేహం మాది. దానిని తలచుకొన్నప్పుడు దుఃఖం కంటె తృప్తియే ముందుగా కలుగుతుంది. అందుకు కారణమైన ఒక పనిని గురించి ఇక్కడ చెప్పాలని ఉన్నది.

బొమ్మలు కట్టే వ్యసనం నాకూ బాల్యం నుంచీ ఉన్నదే. కావ్యవ్యాఖ్యానాలకు వినియోగించవలసిన వేళను గోపురాలు కట్టడానికి వినియోగించేవాణ్ణి. చెల్లిపోయిన హాజరుపట్టీల అట్టలు, చింతగింజల జిగురు, ఒక పాత కత్తెర నా సాధనసామగ్రి. ఉపాధ్యాయుడు అట్టముక్కలతో ఆడుకొంటున్నాడని పదిమందీ అనుకొంటారేమోనన్న సంకోచంతో కట్టినవాటిని పుస్తకాల బీరువా వెనుక దాచేవాణ్ణి. మిత్రుడు వాటిని చూసిన నాటితో ఆ సంకోచం తీరిపోయింది. ప్రతి ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు అతడు తన రేకుపెట్టెతో మా ఇంటికి వచ్చేవాడు. అందులో గొడుగు పుల్లలు, సైకిలు చక్రపు పుల్లలు, అరిగిపోయిన గడియారపు పళ్లచక్రాలు ఉండేవి. మధ్యాహ్నపు నమాజు వేళ దాకా పని సాగేది. మాకున్న నియమం ఒక్కటే: జిగురు పూసిన తరువాత వాదన కూడదు. పూయకముందు మాత్రం ఎంతైనా వాదించుకోవచ్చు. వాదించుకొన్నాం కూడా.

ఆలంపురం గుడి ఒకటి కట్టాలని సంకల్పించి ఇద్దరమూ బస్సులో అక్కడికి వెళ్లాం. శిఖరాగ్రాన ఉసిరికాయను పోలిన రాతిచక్రం ఒకటి ఉంటుంది. దాని పలకలు ఎన్ని ఉండాలో శాస్త్రప్రమాణంగా నేను చెప్పబోతే అతడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"కితాబుల ఎన్నున్నయో మీకు ఎరుకే. ఈడ ఎన్నున్నయో జర లెక్కవెడ్దాం పాండ్రి."

ఎండలో గుడి చుట్టూ నాలుగుసార్లు తిరిగి, మెడలు నొప్పిపుట్టేదాకా తలలెత్తి లెక్కపెట్టాం. నా లెక్క ఒకటి, అతని లెక్క ఒకటి. ఐదవసారి తిరిగితే ఇద్దరివీ తప్పేనని తేలింది.

మేము పని చేసుకొనే ముందుగదిలో షాబాదు బండలు పరచి ఉండేవి. వాటి కింద ఒకప్పుడు మా బాపు మగ్గపు గుంట ఉండేది. నేలలో తవ్విన ఆ గుంటలోకి కాళ్లు దించి, అడుగునున్న పలకలను తొక్కుతూ ఆయన నలభై ఏళ్లకు పైగా చీరలు నేశాడు. మోకాళ్లు పట్టేసి గుంటలోకి దిగడం అసాధ్యమైనప్పుడు మానుకొన్నాడు. గుంట పూడ్చి బండలు పరిపించాం. అప్పటి నుంచి ఆయన నివాసం వసారాలోని నులకమంచం.

నేను పన్నెండవ యేట సంస్కృత పాఠశాలకు పోతానని అడిగితే "పో" అన్నాడు బాపు. అంతకు మించి ఒక్క మాట లేదు. మా వంశంలో మగ్గమెక్కని మొదటివాణ్ణి నేనే. ఆయన ఎన్నడూ దెప్పలేదు. దెప్పి ఉంటే నాకు కొంత సుఖంగా ఉండేది. నేను చదివిన చదువును ఊరు మెచ్చుకొన్నప్పుడు ఆయన తలూపేవాడు, వర్షం పడిందంటే తలూపినట్టే. నా చేతులతో నేను చేసినదేదైనా చూసి ఆయన ఒక్కసారి "మంచిగున్నది" అనాలన్న కోరిక నలభై దాటిన తరువాత కూడా నన్ను వదలలేదు. ఈ కోరికను నేను ఎవ్వరికీ చెప్పలేదు. మిత్రునికి కూడా చెప్పలేదు.

ఎర్రబస్సును తెచ్చి చూపినప్పుడు బాపు దానిని ఒకసారి అటూఇటూ తిప్పి, "ఎక్కొచ్చునా?" అని అడిగాడు.

ఎనిమిది నెలలు శ్రమించి కట్టిన ఆలంపురం గుడిని మంచం పక్కన పెట్టినప్పుడు, "మొక్కొచ్చునా?" అన్నాడు.

"మీరు ఊ అంటె గిప్పుడే మొక్కుదాం బాపు. కొబ్బరికాయ నేను తెస్త" అన్నాడు నా మిత్రుడు. నాకు బాపు అయినవాడు తనకూ బాపేనని మొదటి నాటి నుంచీ అతని లెక్క.

"నువ్వు తెస్తవు. పలిగేది మీ గుడే" అన్నాడు బాపు, గోడ వైపు తిరిగి పడుకొంటూ.

ఆ రోజు వీధి మలుపు దాకా సాగనంపబోతే మిత్రుడు ఆగి, "పంతులు సాబ్, ఇగ మగ్గం చేద్దాం" అన్నాడు.

"వద్దు భాయ్. బస్సుల, గుడిల బాపుకు తప్పులు దొరకలే. మగ్గం చేస్తె అన్నీ తప్పులే దొరుకుతయి."

"దొరకనీయుండ్రి."

ఆ ఊళ్లో మగ్గాలకు కొదవ లేదు. పొరుగింటి మగ్గాన్ని అతడు దర్జీ టేపుతో అంగుళం అంగుళం కొలవగా నేను రాసుకొన్నాను. ఎనిమిదవ వంతున కట్టాలని నిర్ణయమైంది. చింతచెక్కతో ఖర్జూరపు గింజంత నాడె చెక్కాడతడు. దారాన్ని అటునుంచి ఇటు, ఇటునుంచి అటు మోసుకుపోయేది ఆ నాడెయే. మగ్గంలో దువ్వెన వంటి భాగం ఒకటి ఉంటుంది. దానిని అచ్చు అంటారు. నిలువుగా సాగే పడుగు పోగులన్నీ దాని పళ్ల సందుల నుంచి రావాలి. విరిగిన గడియారపు స్ప్రింగులను సన్నగా కత్తిరించి అతడు ఆ పళ్లు పేర్చాడు. ఆ ఒక్క భాగానికే మూడు ఆదివారాలు పట్టింది.

కలప అంతా ఎనిమిదవ వంతుకు ఒదిగింది గాని నూలు ఒదగలేదు. మామూలు నూలుపోగు ఆ మగ్గంలో మోకువలె కనిపించింది. బుద్ధిమంతులమైన మాకిద్దరికీ ఈ సంగతి ముందుగా తట్టలేదు. అప్పుడు చీరల అంచుకు వాడే పట్టుపోగును తెచ్చుకొన్నాం. నేతను బిగించే పలక మరీ తేలికై దెబ్బ ఆననందున దానికి సీసపు ముక్క అతికించాం. ఆ విధంగా నూట ఇరవై పోగులతో, నాలుగు వేళ్ల వెడల్పున, అంగుళమున్నర గుడ్డ దిగింది. అది పరీక్షకని పొట్టిగా వేసుకొన్న పడుగు. ఇక అసలు పడుగు వేయాలి.

"పాత పోగులన్ని గుంజి పారేసి మల్ల మొదటి నుంచి ఎక్కిద్దాం" అన్నాను.

"ఎందుకు సాబ్? పాత కొనకు కొత్త కొన కట్టి ఇటు దిక్కు నుంచి గుంజితే సరి. కొత్తది దానంతటదే దూరుకుంట వస్తది."

ఆలోచన దివ్యంగా తోచింది. అతడు భూతద్దం బిగించుకొని, సన్నని పట్టకారుతో ఒక్కొక్క పోగుకు ముడి వేయసాగాడు. ఆవగింజలో సగం ఉంటుందేమో ఒక్కొక్క ముడి. మూడు ఆదివారాలలో నూట ఇరవై ముడులు పూర్తయినాయి. నాలుగవ ఆదివారం ఇద్దరమూ ఊపిరి బిగబట్టి పోగులను మెల్లగా లాగాం. ముడులన్నీ ఒక్కసారే వచ్చి పోగులనెత్తే దారపు కంతలలో ఇరుక్కొన్నాయి. ఇంకాస్త లాగాం. చిటచిటమని శబ్దమైంది. సుమారు నలభై పోగులు తెగి, మిగిలినవి చిక్కుపడ్డాయి.

తెగిన కొసలను నేను ఒక్కొక్కటే ఏరసాగాను. తరువాత నా మిత్రుడు, అవసరం లేనంత బిగ్గరగా, "పోగులన్ని తెగినయి పంతులు సాబ్! ఇగ అయిపోయింది" అన్నాడు.

వసారా నుంచి బాపు గొంతు వినిపించింది.

"ఏం జేసిన్రు రా?"

"అతికినం బాపు" అన్నాను.

"అతికిన్రా, ముడేసిన్రా?"

మిత్రుడే చెప్పాడు. "ముడే ఏసినం బాపు. నూటిరవై."

ఆ మీదట వినిపించినది నవ్వు. బాపు అంత పెద్దగా నవ్వగా నేను విన్నది, నాకు జ్ఞాపకమున్నంతలో, అదే మొదటిసారి. మంచం కిర్రుమన్నది. కర్ర చప్పుడైంది. గడప దగ్గర నిలబడి ఆయన మా ఇద్దరినీ చూశాడు.

"వీడంటే గడియారాలోడు, వీనికేం ఎరుక. నువ్వు మగ్గపోని ఇంట్ల పుట్టి ముడేసినవా? పడుగుకు ముడేస్తర్రా ఎవడన్న?"

"నేను చూడలే బాపు" అన్నాను. అది నిజమే. మా ఇళ్లలో పాత పడుగుకు కొత్త పడుగు అతికే పని పగటి వెలుగులోనే జరిగేది. ఆ వేళకు నేను పాఠశాలలో శబ్దరూపాలు వల్లిస్తూ ఉండేవాణ్ణి.

"పొయ్యిల బూడిద తేపో" అన్నాడు బాపు.

ఆయన కింద కూర్చోలేడు. అందుకని జానెడు మగ్గాన్ని పీటతో సహా ఎత్తి మంచం మీద పెట్టాం. పోగులు కనిపించడం కష్టమని మిత్రుడు తన భూతద్దాన్ని బాపు కంటికి బిగించబోయాడు. అది రెండుసార్లు జారి ఒళ్లో పడింది. మూడవసారి నిలిచింది.

"దీంతోని సూస్తె నా వేలు ఎద్దుకొమ్ము లెక్క కనవడ్తాంది. తీస్కో తమ్మీ" అని తీసి ఇచ్చివేశాడు.

కళ్లు దాదాపు మూసుకొనే చేశాడు ఆ పని. బొటనవేలికీ చూపుడువేలికీ బూడిద అద్దుకొని, రెండు పోగుల కొనలను పక్కపక్కన చేర్చి, ఒక్క మెలి తిప్పి, ఆ మెలిని పోగు వెంట పడుకోబెట్టాడు. అంతే. ముడి లేదు, ఉబ్బు లేదు. లాగి చూస్తే దారపు కంతలోంచీ స్ప్రింగు పళ్లలోంచీ నీరు జారినట్టు జారింది. పదాలకు సంధి చేయడం జీవితమంతా బోధించిన నేను, అంతటి సంధిని కంటితో చూడడం అదే ప్రథమం.

ఐదారు పోగులైన తరువాత పట్టు చాలలేదు. ముడులున్నంత మేర కోసివేయడంతో, తెగిన నలభై పోగులు మరీ పొట్టివైనాయి. "రేపు బజారుల తెస్త" అన్నాడు మిత్రుడు.

బాపు చేతి బూడిద దులుపుకొన్నాడు. అటుపిమ్మట నా వైపు చూడకుండానే, "అటుక మీద నా అచ్చు ఉంటది. దించు" అన్నాడు.

నిచ్చెన వేసుకొని అటుక ఎక్కాను. పాత ధోవతిలో చుట్టిన పొడుగాటి మూట ఒకటి దొరికింది. దించి విప్పితే బాపు మగ్గపు అచ్చు. దాని పళ్లలో పడుగు పోగులు ఇంకా అలాగే ఉన్నాయి: ఆయన నేసిన చివరి చీరను కోసినప్పుడు మిగిలిన మూరెడు కొసలు. నేతగాళ్లు మగ్గాన్ని ఎన్నడూ ఉత్తగా ఉంచరు. చీర కోసినా కొసలను అచ్చులో వదిలి, కొత్త పడుగును వాటికే అతుకుతారు. ఆ విధంగా ఒక్క మగ్గంలో ఏళ్ల తరబడి పోగు తెగిందనేది ఉండదు. గుంట పూడ్చి అప్పటికి తొమ్మిదేళ్లు దాటింది.

"ఎందుకు దాచినవు బాపు?" అని అడిగాను.

"దాచలే" అన్నాడు ఆయన. "తియ్యలే."

పెద్ద మగ్గానికి ఆ మూరెడు కొసలు దేనికీ కొరగావు. మా జానెడు మగ్గానికి మాత్రం సరిగ్గా చాలుతాయి. అంచులోని ఎర్రని పట్టుపోగులు నలభైని బాపు తానే ఎంచి, కోసి, నా అరచేతిలో పెట్టాడు. "నువ్వు అతుకు. నేను సూస్త."

నా మిత్రుడు లేచి చొక్కా దులుపుకొన్నాడు. "నేను పోవాలె సాబ్. దుకాణం తెరిసే యాళ్లయింది" అన్నాడు. ఆదివారాలు అతని దుకాణం మూసే ఉంటుందన్న సంగతి, అతడు వీధి మలుపు తిరిగిన తరువాత గాని నాకు తట్టలేదు.

మొదటి పది పోగులు చెడగొట్టాను. బూడిద ఎక్కువైతే జారిపోయేవి. తక్కువైతే వేలికి అంటుకొని మెలి పడేది కాదు. బాపు తిట్టాడు. జీవితంలో తిట్టవలసినన్ని తిట్లు ఆ మధ్యాహ్నమే తిట్టాడనిపిస్తుంది.

"పద్యం గాదురా అది, గుంజి గుంజి సదువనీకె. ఒక్కటే తిప్పు. వదులు."

"వదిలిన."

"యాడ వదిలినవు? పట్టుకొని కూసున్నవు."

ముప్పయ్యవ పోగు దగ్గర ఆయన తిట్టడం మానేశాడు. నలభై పూర్తయిన తరువాత గోరుతో పోగులను ఒకసారి వీణ మీటినట్టు మీటి, "ఊ" అన్నాడు.

తక్కిన ఎనభైనీ మరుసటి ఆదివారం మా పట్టుతోనే అతికాను. గుడ్డ నేయడానికి మరి మూడు వారాలు పట్టింది. పలకలను వేలితో తొక్కుతూ నేను, నాడెను పట్టకారుతో విసురుతూ మిత్రుడు, మంచం మీది నుంచి తప్పులు పడుతూ బాపు. జానెడు గుడ్డ దిగింది. బాపు దానిని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టి చూశాడు.

"అంచు వంకర వోయింది."

"ఎంత వోయింది బాపు?" అన్నాడు మిత్రుడు. "చీమ ఎక్కితె వడతదా?"

"చీమ పడదు. సీర పడతది" అన్నాడు బాపు. అయినా ఆ గుడ్డను తిరిగి ఇవ్వలేదు. మడిచి దిండు కింద పెట్టుకొన్నాడు.

కొన్ని దినాలకు, ఒకప్పుడు బాపుతో కలిసి మగ్గం నేసిన వృద్ధుడొకడు ఆయనను చూడవచ్చాడు. నేను లోపల కాగితాలు దిద్దుతున్నాను. మిత్రుడు నా పక్కన కూర్చొని కొత్త బొమ్మకు గొడుగు పుల్లలు సరిచేస్తున్నాడు. వసారాలో దిండు కదిలిన చప్పుడైంది.

"గిది సూడు" అంటున్నాడు బాపు. "మా పోరగాండ్లు నేసిన్రు. అంచు జర వంకర గని, అతుకు సూడు. యాడున్నదో కనిపెట్టు సూస్తం."

ఆ వృద్ధుడు కనిపెట్టలేకపోయాడు. నా చేతిలో ఎర్రసిరా కలం అలాగే ఆగిపోయింది. ఏ విద్యార్థి కాగితమో గాని, దాని మీద పెద్ద చుక్క పడింది. నా మిత్రుడు తన నెరసిన గడ్డం నిమురుకొంటూ, "పోరగాండ్లంట సాబ్, మనం" అని గొణిగి, గొడుగు పుల్ల నోట కరచుకొని నవ్వాపుకొన్నాడు.

ఆ తరువాత బాపు మరి నాలుగేళ్లు ఉన్నాడు. ఆ నాలుగేళ్లూ ఆదివారాలలో ముగ్గురం. ఆ మగ్గం మీద ఆరు గుడ్డలు దిగాయి. ఆరవదానికి అంచు తిన్నగా వచ్చింది. అది నిజంగా తిన్ననైనదో, బాపు కళ్లు మరింత మసకబారినవో చెప్పలేను. ఆయన "మంచిగున్నది" అన్న మాట మాత్రం స్పష్టంగానే విన్నాను.

బాపు పోయిన ఏడాది, ఒక ఆదివారం ఉదయాన, మిత్రుణ్ణి ఒక మాట అడిగాను. నారాయణపేటలో పుట్టి, నేతగాళ్ల మధ్య పెరిగి, వాళ్ల గడియారాలు బాగుచేసిన మనిషికి పడుగుకు ముడి వేయరని నిజంగా తెలియదా అని.

"అల్లా మీద ఆన, ముడి సంగతి నాకు ఎరుకలేదు సాబ్" అన్నాడు. "మూడు ఐతారాలు కండ్లు కాయలు కాసినయి, ఎరుకుంటె ఎందుకు ఏస్త?"

"మరి?"

"తెగినంక చూసిన. బాపు మంచంల లేచి కూసున్నడు. చెవి ఇటే పెట్టిండు. మెల్లగ అంటె వినవడదని జర గట్టిగ అన్న, గంతే."

అతడు రేకుపెట్టె తెరిచి, సైకిలు పుల్లలు వరుసగా బండల మీద పేర్చసాగాడు.

"రైలింజను చేద్దాం పంతులు సాబ్. బొగ్గు ఇంజను."

"చక్రాలెన్ని దానికి?"

"మీ కితాబుల లేదా?"

"మా కితాబుల రథాలే ఉన్నయి."

"అయితె స్టేషనుకు పోయి లెక్కవెడ్దాం పాండ్రి. ఇంక నడుస్తున్నయో లేదో" అని లేచాడు. నేను చెప్పులు తొడుక్కొన్నాను. పది గంటల బస్సు మాకు అందింది.